వైద్యచిత్రాల ప్రోగ్రామింగ్‌లో ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్: ఐటీకే చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్ ఒక నిర్మాణ సౌలభ్యంగా ప్రసిద్ధం. వైద్యచిత్రాల రంగంలో దాని ప్రవేశం ఒక నిర్ణయాధికారం చేతులు మారడానికి కూడా కారణమైందని ఇన్‌సైట్ టూల్‌కిట్ (ఐటీకే) ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్, ఇమేజ్ ప్రాసెసింగ్, ఐటీకే, అనలైజ్, నిఫ్టీ.

1. నేపథ్యం

అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ 'విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్ట్' ద్వారా 1994లో ఒక పురుషదేహానికి, 1995లో ఒక స్త్రీదేహానికి సంబంధించిన అడ్డుకోత చిత్రాలను విడుదల చేసింది. కోతల మధ్య దూరం మొదటిదానిలో ఒక మిల్లీమీటరు, రెండవదానిలో మిల్లీమీటరులో మూడోవంతు. మొదటి దత్తాంశం సుమారు 15 గిగాబైట్లు, రెండవది సుమారు 40 గిగాబైట్లు. ఇటువంటి చిత్రాలలో అవయవాల హద్దులను గుర్తించడానికి, వేర్వేరు యంత్రాలు తీసిన చిత్రాలను ఒకదానితో ఒకటి సరిపెట్టడానికి అందరికీ అందుబాటులో ఉండే సాధనం అవసరమైంది. ఆ అవసరం నుంచే 1999లో ఆ లైబ్రరీ ఆర్థిక సహాయంతో, పలు విశ్వవిద్యాలయాలు, సంస్థల భాగస్వామ్యంతో ఐటీకే నిర్మాణం మొదలైంది. సి ప్లస్ ప్లస్ భాషలో రాసిన ఈ టూల్‌కిట్ అధికారికంగా 2002లో విడుదలైంది.

2. సమస్య స్వరూపం

సి ప్లస్ ప్లస్‌లో 'న్యూ' అనే ఆపరేటర్‌తో ఒక ఆబ్జెక్ట్‌ను సృష్టించాలంటే దాని క్లాస్ పేరును ప్రోగ్రామ్ రాసేటప్పుడే పేర్కొనాలి. వైద్యచిత్రాల ఫైళ్లకు ఒకే రూపం లేదు. 1985 నాటి ఏసీఆర్-నెమా ప్రమాణం నుంచి 1993లో డైకామ్ రూపొందింది. మెదడు చిత్రాల పరిశోధకులు మేయో క్లినిక్‌లో పుట్టిన అనలైజ్ రూపాన్ని విరివిగా వాడేవారు. ప్రతి రూపానికీ ఒక రీడర్ క్లాస్ ఉండి, వాటి పేర్లన్నీ మూల ప్రోగ్రామ్‌లోనే నిలిచిపోతే, కొత్త రూపం వచ్చిన ప్రతిసారీ ఆ మూలాన్నే సవరించవలసి వస్తుంది.

దీనికి పరిష్కారం అప్పటికే ఉంది. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్‌లు 1994లో వెలువరించిన 'డిజైన్ ప్యాటర్న్స్' గ్రంథం 'అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీ', 'ఫ్యాక్టరీ మెథడ్' అనే పేర్లను స్థిరపరచింది. అబ్‌స్ట్రాక్ట్ ఫ్యాక్టరీకి ఆ గ్రంథం చూపిన ఉదాహరణ కిటికీలు, స్క్రోల్ బార్‌ల వంటి తెరమీది భాగాలది. ఐటీకే అదే కోవకు చెందిన ఆలోచనను ఫైళ్లకు అన్వయించింది.

3. పనితీరు

ఐటీకేలో రీడర్‌లన్నిటికీ 'ఇమేజ్‌ఐఓబేస్' అనే ఒకే మూల క్లాస్ ఉంటుంది. 'ఈ ఫైలును చదవగలవా?' అన్న ప్రశ్నకు ప్రతి రీడరూ అవును, కాదు అని జవాబు చెప్పగలగాలి. ఫ్యాక్టరీ తన వద్ద నమోదైన రీడర్‌లను వరుసగా అడుగుతుంది. మొదట అవునన్న రీడర్‌కే ఫైలును అప్పగిస్తుంది. ఎవరూ అంగీకరించకపోతే ప్రోగ్రామ్ నడుస్తున్న సమయంలోనే లోపం బయటపడుతుంది. కొత్త రీడర్ రాసినవారు టూల్‌కిట్ మూలాన్ని తాకనక్కరలేదు. దానిని ఫ్యాక్టరీలో నమోదు చేస్తే చాలు.

4. సౌలభ్యానికి మూల్యం

'మొదట అవునన్నవారికే' అనే నియమంలో ఒక చిక్కు ఉంది. అనలైజ్ ఫైలులో మెదడు కుడి, ఎడమలను నిస్సందేహంగా తెలిపే ఏర్పాటు లేదు. ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క విధంగా అర్థం చేసుకునేది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి నిఫ్టీ రూపం వచ్చింది. పాత సాఫ్ట్‌వేర్‌లతో పొంతన కోసం అది అనలైజ్ వాడిన 348 బైట్ల హెడర్ పరిమాణాన్నే నిలుపుకుంది. జంట ఫైళ్లుగా దాచినప్పుడు పేరు చివరి పొడిగింపులూ అవే. హెడర్‌లోని చివరి నాలుగు బైట్ల గుర్తే రెండింటినీ వేరు చేస్తుంది.

ఐటీకే మూడవ తరంలో ఈ రెండు రూపాల రీడర్‌లూ ఉండేవి. అనలైజ్ రీడర్ ఫైలు పేరును మాత్రమే చూసి అవునంటే, నిఫ్టీ ఫైలులోని దిశాసమాచారం పోయే ప్రమాదం ఉంది. అటువంటి స్థితిలో ప్రోగ్రామ్ ఆగదు, హెచ్చరికా రాదు. చిత్రం మాత్రం తెరమీద సక్రమంగానే కనిపిస్తుంది. శస్త్రచికిత్సకు ముందు కణితి ఏ వైపున ఉందో నిర్ణయించే సందర్భంలో ఇది చిన్న విషయం కాదు. అందువల్లనే అనలైజ్ రీడర్ అవుననే ముందు ఆ గుర్తు లేదని నిర్ధారించుకునే పరీక్షను అందులో చేర్చారు.

5. ముగింపు

క్లాస్‌ను ఎంచుకునే బాధ్యతను ఫ్యాక్టరీ ఇంటర్‌ఫేస్ తొలగించలేదు. ప్రోగ్రామ్ రచయిత చేతినుంచి దానిని నమోదు పట్టికకు, ఆ పట్టికలోని వరుసకు, ప్రతి రీడర్ ఇచ్చే జవాబు నిజాయితీకి బదిలీ చేసింది. ప్రపంచంలో ఎక్కడివారైనా కొత్త రూపాన్ని చేర్చగలగడం ఆ బదిలీ ఇచ్చిన లాభం. నిర్ణయం ఎక్కడ జరిగిందో కంటికి కనబడకపోవడం దాని నష్టం. ఏ రీడర్‌ను వాడాలో పరిశోధకుడే స్పష్టంగా నిర్దేశించే మార్గాన్ని కూడా ఐటీకే మూయలేదు. ఆ మార్గాన్ని అనుసరించడం, వాడిన రీడర్‌ను, టూల్‌కిట్ వెర్షన్‌ను పరిశోధన పత్రంలో పేర్కొనడం ఫలితాల విశ్వసనీయతకు అవసరమని ఈ చరిత్ర సూచిస్తుంది.