పూటకూళ్లవాని వంతు



పోయిన నెలలో మన సంఘపు సహోదరి ఒకామె ఆపరేషన్ కోసం పట్నంలో ఆసుపత్రిలో చేరింది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి ఆపరేషన్‌కు రూపాయి కట్టలేదు. పన్నెండు రోజులకు ఇంటికొచ్చాక మేము చూడబోతే, వాళ్ల అత్తగారు చెప్పిన లెక్క వేరుగా ఉంది. తోడున్న ఇద్దరి తిండి, టీలు, ఆటోలు, వరండాలో పడుకోవడానికి కొన్న చాప, పోయిన కూలి. వీటన్నిటికీ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారట. అంతకు రెండు నెలల ముందే మనం చందాలు వేసుకుని వైద్య శిబిరం పెట్టాము. ఫ్లెక్సీలకు, షామియానాకు, భోజనాలకు పోగా మందులకు మిగిలిందెంతో లెక్కల పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసింది మేమే కనుక ఇంకొకరిని అనడానికి లేదు.

అప్పటినుంచి లూకా సువార్త 10వ అధ్యాయం మనసులో తిరుగుతోంది. సమరయుని మీద ఎన్నో ప్రసంగాలు చేశాము. పూటకూళ్లవాని మీద ఒక్కటీ చేయలేదు. సమరయుడు గాయాలు కట్టాడు, రెండు దేనారములు ఇచ్చాడు, మరునాడు తన ప్రయాణం తాను చూసుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ రాత్రి దెబ్బలు తిన్నవాడు నీళ్లు అడిగితే లేచి ఇచ్చినవాడెవడు? ఆ ఊరివాడే, పూటకూళ్లవాడే కదా.

మన గుంటూరు సీమలో మిషన్ వైద్యం ఎలా పుట్టిందో చూస్తే ఈ ఇద్దరూ కనబడతారు, దూరం నుంచి డబ్బు పంపినవారూ, దగ్గరుండి చూసినవారూ.

ఫాదర్ హయ్యర్‌గారు 1842 జూలై 31న గుంటూరు వచ్చారని మన సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆయనను ఆదరించి, పనికి చేయూతనిచ్చినవాడు అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్. మనం అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. 1846లో అమెరికా వెళ్లిన హయ్యర్‌గారు యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి, 1848లో మళ్లీ ఈ దేశం వచ్చారు. తరువాత 1874లో వచ్చిన ఆడమ్ రో గారిని అక్కడివారు ‘పిల్లల మిషనెరీ’ అనేవారు. సండే స్కూలు పిల్లలు కూడబెట్టిన చిల్లర ఆయన పోషణకు ఆధారం. ఒక ఆడ డాక్టరును పంపండని ఆయన రాసిన ఉత్తరమే ఆన్నా సారా కుగ్లర్ అనే యువ వైద్యురాలి మనసు కదిలించింది. ఆయన మాత్రం 1882లోనే ఇక్కడ కన్నుమూశారు. ఆమె రాకను చూడలేదు.

కుగ్లరమ్మ గారు 1856లో పెన్సిల్వేనియాలో పుట్టారు. 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకున్నారు. లూథరన్ స్త్రీల మిషనెరీ సమాజం ఏర్పడిందీ అదే సంవత్సరం. ఆమె ఆ సమాజానికి దరఖాస్తు పెట్టుకుంటే, వైద్య పని మొదలుపెట్టే స్థితిలో మేము లేము అన్నారు. ఘోషాలో ఉన్న స్త్రీలకు బోధించే పని ఉంది, దానికైతే వెళ్లవచ్చు అన్నారు. ఆమె సరేనన్నారు. 1883 చివర గుంటూరు చేరేటప్పటికి ఆమె పంతులమ్మే. కాని వైద్యం తెలిసిన దొరసాని వచ్చిందని తెలిశాక ఏ ఊరు ఊరుకుంటుంది? బడి పని బడి పనిగానే ఉండగా రోగులు గుమ్మం ముందుకు వచ్చారు. మగ డాక్టరు ఎదుటికి రాని స్త్రీలు, పురిటి కష్టంలో దిక్కులేనివారు. 1885లో గాని సమాజం ఆమెను వైద్య మిషనెరీగా నియమించలేదు.

ఆ తరువాత కూడా డబ్బు ఒక్కసారిగా రాలేదు. 1893కు డిస్పెన్సరీ, 1898కి ఆసుపత్రి. ఆమె వచ్చిన పదిహేనేళ్లకు రోగులకు సరైన పడకలు దొరికాయన్నమాట. ఆ డబ్బు ఎక్కువగా అక్కడి సంఘాల స్త్రీలు ఇంటి ఖర్చులో మిగిల్చిన కానుకలు. గుంటూరు ఎక్కడుందో వాళ్లలో చాలామందికి పటంలో చూపించడం కూడా రాదేమో. పేర్లు మనకు తెలియవు. ఒకే చేతినుంచి పెద్ద మొత్తం వచ్చిన సందర్భాలూ లేకపోలేదు. మనవాళ్లు పెద్ద జబ్బు అనగానే బయలుదేరే వేలూరులో, ఐడా స్కడ్డరమ్మ గారి మొదటి ఆసుపత్రి షెల్ అనే న్యూయార్కు పెద్దమనిషి తన భార్య జ్ఞాపకార్థం ఇచ్చిన పదివేల డాలర్లతో 1902లో తెరిచారు. గుంటూరుకు అటువంటి ఉదయం రాలేదు. నిజం చెప్పాలంటే మాకు గుంటూరు కథే ఎక్కువ ఇష్టం.

అయితే ఆ అమెరికా తల్లులకు తెలియని సంగతి ఒకటుంది. మన దేశంలో రోగి ఒక్కడే ఆసుపత్రికి రాడు. తల్లి వస్తుంది, అత్త వస్తుంది, చంటిబిడ్డ వస్తుంది, బియ్యం మూట వస్తుంది. ఆచారం పాటించే ఇళ్లవాళ్లు ఆ రోజుల్లో ఇతరుల చేతి నీళ్లు కూడా పుచ్చుకునేవారు కారు. పొయ్యి పెట్టుకోవడానికి చోటు లేకపోతే, ఎంత మంచి డాక్టరున్నా రోగిని వెనక్కి తీసుకుపోవలసిందే. ఈ సంగతి తెలిసినవాడు ఈ నేలవాడే. ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు గారు తమ ఇంటివారికి కుగ్లరమ్మ చేసిన వైద్యానికి కృతజ్ఞతగా, ఆసుపత్రికి వచ్చే హిందూ రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. ఆయన మన సంఘస్థుడు కాదు. రోగి మంచం పక్కన కూర్చున్న మనిషికి ఏం కావాలో మాత్రం ఆయనకు తెలుసు. కుగ్లరమ్మ గారు 1930 జూలైలో గుంటూరులోనే ప్రభువు సన్నిధికి చేరారు. ఆ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ఇప్పుడు విదేశాలనుంచి నిధులు తెద్దామని మన కుర్రాళ్లు కొందరు అడుగుతున్నారు. వారికి ఒక మాట. విదేశీ విరాళం పుచ్చుకోవాలంటే ఎఫ్.సి.ఆర్.ఎ. కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే ముందు రావాలి, ఒక సంస్థ ఇంకొక సంస్థకు పంచి ఇవ్వడానికీ వీలులేదు. కనుక అమెరికా పౌరసత్వం పుచ్చుకున్న మన బిడ్డలు ఎవరి ఖాతాలోనో వేసి సంఘ సేవకు వాడండి అంటే అది కుదరదు. కంపెనీల సి.ఎస్.ఆర్. మార్గం వేరు. 2013 చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం సమాజ పనులకు ఖర్చు పెట్టాలి. ఆ పనుల జాబితాలో వైద్యం ఉంది. అడగాలంటే రిజిస్టరైన ట్రస్టో సొసైటీయో ఉండాలి, 12ఎ, 80జి ఉండాలి, సి.ఎస్.ఆర్.-1 నమోదు ఉండాలి, ఆడిట్ లెక్కలు ఉండాలి. మన లెక్కల పుస్తకం సంగతి పైన చెప్పాము. అది సరిచేసుకోకుండా ఎవరి తలుపు తట్టినా వట్టి చేతులతోనే వస్తాము. తాలూకాలో ఇదివరకే రిజిస్టరై నిజాయితీగా పనిచేస్తున్న సంస్థ ఉంటే దానితో కలవడం మేలని మా అభిప్రాయం. మన పేరు బోర్డు మీద లేకపోయినా ఫరవాలేదు.

ఆ పని నడుస్తూ ఉండగానే చేయగలిగింది ఒకటుంది. స్త్రీల సమాజం వారు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు తీసి ఉంచే గుప్పెడు బియ్యం ఇన్నాళ్లూ పండుగ ఖర్చుకు పోతున్నాయి. వాటిని ఆసుపత్రిలో తోడు ఉండేవాళ్ల భోజనానికి వాడదామని సమాజం పెద్దమ్మ గారు అన్నారు. ఏ ఇంటివాళ్లు ఆసుపత్రిలో ఉన్నారో చూసి, రోజుకొకరు కారియర్ పట్టుకుని మొదటి బస్సుకు వెళ్లాలి. కులం, సంఘం అడగకూడదని కూడా ఆమే అన్నారు. బస్సు చార్జీలు ఎక్కడనుంచి అన్నదానికి ఇంకా జవాబు లేదు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చుంటున్నాము. కూరగాయలు పండించేవాళ్లు, ఆటో ఉన్నవాళ్లు తప్పక ఉండండి. ఆ సహోదరి అత్తగారు కూడా వస్తానన్నారు. అప్పు ఇంకా తీరలేదు.