మత్తు వైద్యం: నల్లమందు దుకాణం నుంచి క్యాజువాలిటీ దాకా

నల్లమందు మన పల్లెలకు కొత్త కాదు. ఒళ్లునొప్పులకూ, విరేచనాలకూ, నిద్రపోని పసిబిడ్డలకూ దాన్ని వాడిన తరాలున్నాయి. 1878 నల్లమందు చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం లైసెన్సు దుకాణాల్లో అమ్మించి ఆదాయం గడించింది. 1893లో నియమించిన రాయల్ కమిషన్ రెండేళ్లకు నివేదిక ఇచ్చి, మితంగా వాడితే పెద్ద హాని లేదంది. అమ్మకాలు సాగాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో గోదావరి ప్రాంతంలో వాడకం ఎక్కువ. మన్యం జ్వరానికి అది మందని అక్కడివాళ్ల నమ్మకం. అలవాటుపడ్డ మనిషి ఆనాటి సర్కారు లెక్కల్లో కొనుగోలుదారు మాత్రమే.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో జరిగిన అఖిల భారత సదస్సు పదేళ్లలో వైద్యేతర వాడకం ఆపాలని తీర్మానించింది. 1959 నాటికి, పేరు నమోదు చేయించుకున్న వ్యసనపరులకు తప్ప, అమ్మకం ఆగింది. 1985లో మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చాక కొనుగోలుదారు కాస్తా నేరస్థుడయ్యాడు. అయితే ఆ చట్టంలోనే చికిత్సా కేంద్రాలు పెట్టే అధికారం ప్రభుత్వానికిచ్చే 71వ సెక్షన్ ఉంది. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో వైద్యానికి తానై ముందుకొచ్చిన వ్యసనపరుడికి కొన్ని కేసుల నుంచి రక్షణ కల్పించే 64ఏ సెక్షన్ తరువాత చేరింది. ఈ సంగతి ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. పోలీసుల భయంతో ఆసుపత్రి గడప తొక్కనివాళ్లు ఎక్కువ.

మనవైపు వ్యసనమంటే ముందు గుర్తొచ్చేది సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళల పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో అది సడలింది. దుకాణం మూయించడానికి అంత పోరాటం చేసిన సమాజంలో, మానలేక చేతులు వణికే మనిషికి వైద్యం ఎక్కడన్న ప్రశ్న వెనకబడిపోయింది.

వైద్యం మాత్రం తన దారిన తాను ముందుకొచ్చింది. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే వైద్యులు హెరాయిన్‌కు బానిసలైనవాళ్లకు రోజూ మెథడోన్ అనే మందు ఇచ్చి, వాళ్లు మళ్లీ పనుల్లోకి వెళ్లగలరని చూపించారు. ఢిల్లీ ఎయిమ్స్ డీ-అడిక్షన్ కేంద్రం 1988లో మొదలైంది. 1990లలో అక్కడ అదే కోవకు చెందిన బ్యుప్రెనార్ఫిన్ అనే మందు వాడకం వచ్చింది. సూదులతో మత్తెక్కించుకునేవాళ్లకు హెచ్ఐవీ సోకకుండా చూసేందుకు 2007 తరువాత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) కూడా ఈ మందు ఇచ్చే కేంద్రాలను తన కార్యక్రమంలోకి తీసుకుంది. ఇంత జరిగినా రోగే కేంద్రాన్ని వెతుక్కుంటూ పోవాలి.

వెతుక్కునే ఓపిక లేనివాడు చేరేది క్యాజువాలిటీకి. మత్తుమందు మోతాదు మించి, ఊపిరి బాగా నెమ్మదించి, కనుపాపలు సూదిమొనంత చిన్నవైపోయిన మనిషికి ఆ మత్తుకు విరుగుడైన నాలాక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే నిమిషాల్లో కళ్లు తెరుస్తాడు. ప్రాణం నిలిచింది గానీ జబ్బు అలాగే ఉంది. కాసేపటికి ఆవులింతలు, కారే ముక్కు, గగుర్పాటు, కడుపులో మెలితిప్పే నొప్పి మొదలవుతాయి. డిశ్చార్జి చీటీ చేతిలో పెట్టి పంపేస్తే ఆ బాధ తట్టుకోలేక అతను వెళ్లేది మళ్లీ ఆ మత్తు దగ్గరికే.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన గెయిల్ డొనోఫ్రియో బృందం పట్టుకున్నది సరిగ్గా ఈ ఘడియనే. అత్యవసర విభాగానికి వచ్చిన 329 మందిపై చేసిన వీరి అధ్యయనం 2015లో అచ్చయింది. చికిత్సా కేంద్రాల వివరాలిచ్చి పంపినవాళ్లలో నెల తరువాత వైద్యంలో ఉన్నది 37 శాతం. కూర్చోబెట్టి మాట్లాడి, అపాయింట్‌మెంట్ కుదిర్చినవాళ్లలో 45 శాతం. మాటతోపాటు అక్కడే బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టి, మామూలు వైద్యుడికి అప్పగించినవాళ్లలో 78 శాతం. ఈ మందు నాలుక కింద పెట్టుకుని కరిగించుకోవాలి. మత్తు ఆగినప్పుడు వచ్చే విరమణ లక్షణాలు బాగా కనిపించాకే ఇవ్వాలి, తొందరపడితే బాధ ఎక్కువవుతుంది. అందుకే డ్యూటీ డాక్టరు, నర్సు, మానసిక వైద్యుడు, తరువాత రోగిని కనిపెట్టుకుని ఉండే కార్యకర్త ఒకే గొలుసుగా పనిచేయాలి.

కడప జిల్లాలోని మన మైదుకూరుకు ఇదెందుకంటే, 2019 ఫిబ్రవరిలో విడుదలైన మత్తు వాడకంపై జాతీయ సర్వే ఓపియాయిడ్ (నల్లమందు జాతి మత్తుమందుల) బాధితులు ఎక్కువగా ఉన్న కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌నూ చేర్చింది. నొప్పిమాత్రగా చెలామణీ అయిన ట్రమడాల్ 2018 ఏప్రిల్‌లోనే ఎన్‌డీపీఎస్ పరిధిలోకి వెళ్లింది. పసుపు చేలల్లోనో లారీ స్టీరింగు ముందో నడుము విరిగేలా పనిచేసేవాళ్లు నొప్పిమాత్రతో మొదలుపెట్టి దానికే బందీలు కావడానికి ఎక్కువ కాలం పట్టదు.

గొలుసులో కొన్ని కొక్కేలు మనకు ఇప్పటికే ఉన్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 వాహనం మైదుకూరు నాలుగురోడ్ల కూడలి నుంచి రోగిని ప్రొద్దుటూరుకో కడపకో చేరుస్తుంది. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416 నంబరులో సలహా దొరుకుతుంది. ఊరూరా ఆశా కార్యకర్తలున్నారు. వీళ్లను కలిపే ఏర్పాటు కావాలి. వ్యసన చికిత్సకు వాడే బ్యుప్రెనార్ఫిన్ డీ-అడిక్షన్ కేంద్రాలకే సరఫరా అవుతుంది కాబట్టి, క్యాజువాలిటీకీ ఆ కేంద్రానికీ మధ్య రాతపూర్వక ఒప్పందం, రాత్రి డ్యూటీలోనూ పలికే ఒక ఫోను నంబరు, వారంలోగా రోగి ఇంటికి వెళ్లి పలకరించే ఒక మనిషి ఉండాలి. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు. మత్తుకు బానిసైనవాణ్ణి కొనుగోలుదారుగా, నేరస్థుడిగా చూసి నూరేళ్లు పోగొట్టుకున్నాం. రోగిగా చూడటం అతను స్ట్రెచర్ మీద ఉన్న మొదటి గంటలోనే మొదలవ్వాలి.