కానరాని గాయము

దేహమున గాయము లేదు. అయినను సైనికునకు మాట పడిపోయినది, తన పేరే జ్ఞాపకము లేదు. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సునుండి వచ్చిన ఇట్టివారిని చూచి వైద్యులు దిగ్భ్రమ నొందిరి. 1915లో చార్లెస్ మయర్స్ 'లాన్సెట్' పత్రికయందు ఈ వ్యాధిని 'షెల్ షాక్' అని వ్యవహరించెను. ఫిరంగిగుండు ప్రేలుటచే కలిగిన అదురని దాని భావము. కాని ప్రేలుడు దాపునకు పోనివారికిని అది సోకెను. ఇక పిరికితనమనుట సులభమయ్యెను. పలాయనము, భీరుత్వము మొదలగు నేరములు మోపి కాల్చివేసిన బ్రిటిష్ సామ్రాజ్య సైనికులలో 306 మందికి 2006లో గాని క్షమాపణ లభింపలేదు. వారిలో రోగులెందరో!

చికిత్స చేయువారు సైతము సాధారణముగా మరచిపొమ్మనియే చెప్పుచుండిరి. ఎడింబరోలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రియందు డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్ ఇందుకు సమ్మతింపలేదు. (మన నీలగిరులలోని తోడాలను గూర్చి 1906లో గ్రంథము ప్రకటించిన పండితుడు ఈయనయే.) పగలు అణచిన స్మృతి రాత్రి స్వప్నమై విజృంభించునని ఆయన 1917లో ఉపన్యసించెను. మిత్రుని దేహము తునాతునకలై పడియుండగా చూచిన అధికారి యొకడు నిత్యము ఆ కలతో పీడితుడగుచుండెను. అంతటి దెబ్బకు ప్రాణము తక్షణమే పోయియుండును, మిత్రుడు బాధ నెరుగడని రివర్స్ అతనికి బోధించెను. కొన్ని రాత్రులు కల రాలేదు. పిదప వచ్చిన కలలో అతడు మిత్రుని చెంత మోకరిల్లి, బంధువులకు పంపవలసిన వస్తువులను తీయుచుండెను. మేల్కొనునప్పటికి భయము లేదు, కన్నీరు మాత్రమే.

రివర్స్ తన ఓటమినిగూడ దాచలేదు. మాకు ఆయనయందు గౌరవము కలుగుట ఇందువలననే. మరియొక అధికారి ప్రేలుడుచే విసరివేయబడి, ఉబ్బిన శవముపై ముఖము మోపి పడెను. ఆ స్మృతియందు ఊరటకు ఆధార మేదియు రివర్స్‌కు కానరాలేదు. అతడు సైన్యమును విడిచి, మునుపు కొంత నెమ్మది దొరికిన పల్లెపట్టునకు పోవుటయే మేలని నిశ్చయించిరి.