పేరు మారిన పరుసవేది

ఇనుమును బంగారముగా మార్చు పరుసవేదిని గూర్చి మీరు వినియుందురు. ఆంగ్లేయులు దానిని ‘తత్త్వవేత్త శిల’ యందురు. హారీ పాటరను బాలుని గూర్చి రౌలింగు రచించిన తొలి నవల ఆ పేరుతోనే 1997లో లండనున వెలువడినది. 1998లో అమెరికా ప్రకాశకులు దానిని ‘మాంత్రికుని శిల’ గావించిరి. తత్త్వవేత్త యనినచో పిల్లలు దరిజేరరని వారి శంక.

లోపలి మాటలనుగూడ దిద్దిరి. ఇంగ్లండున ‘జంపర’నగా ఉన్నిచొక్కా, అమెరికాలో ఆడుపిల్లల చేతులులేని గౌను. దానిని ‘స్వెట్టరు’ చేయుటను నేను దప్పుపట్టను. తల్లిని బిలుచు ‘మమ్’ను ‘మామ్’గా మార్చుట మాత్రము నాకు రుచింపలేదు. అమ్మ పిలుపు తెలియని బిడ్డ యుండునా?

పేరు మార్పునకు సమ్మతించితినే యని రచయిత్రియు బిదప వగచినది. పరుసవేది మాంత్రికుల సొత్తు కాదు, మూసలయొద్ద పొగ మ్రింగిన రసవాదులది. కథలోని ఫ్లామెల్ 1418లో పారిసున మరణించిన నిజమైన లేఖకుడు. బంగారము చేసెనన్న ప్రతీతి ఆయనకు మరణానంతరము గల్గినది. అమెరికా బాలునకు ఆ పాతకథకు బోవు త్రోవ అట్టమీదనే మూసికొనిపోయెను.