రొమ్ము పునర్నిర్మాణం తర్వాత మెడికల్ టాటూ: నొప్పి ఎంత? స్పర్శ ఎంత?

క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేశాక కొందరికి పొట్ట, వీపు దగ్గరి చర్మం, కండతో గానీ, సిలికాన్ ఇంప్లాంట్‌తో గానీ మళ్లీ రొమ్ము ఆకారం తెస్తారు. దాని మీద చనుమొన, చుట్టూ ఉండే ముదురు వలయం కనిపించేలా సూదితో రంగు ఎక్కించడమే మెడికల్ టాటూ. గోదావరిఖని వాళ్లకు ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. బొగ్గు గనిలో తెగిన చోట బొగ్గు పొడి ఇరుక్కుంటే, గాయం మానినా నీలి మచ్చ మిగిలిపోతుంది. టాటూ రంగు కూడా అలాగే చర్మం పైపొర కింద నిలుస్తుంది.

నొప్పి ఉంటుందా?

చాలామందికి తక్కువే. చనుమొనకు స్పర్శనిచ్చే నరాల్లో ముఖ్యమైనది నాలుగో పక్కటెముక దగ్గర నుంచి వస్తుంది. రొమ్ము తీసేటప్పుడు ఈ నరాలు తెగిపోతాయి. అందుకే సూది ఆడుతున్నా అదురు, ఒత్తిడి మాత్రమే తెలుస్తాయి. కొందరికి అదీ తెలీదు. కానీ అందరికీ ఒకేలా ఉండదు. కుట్ల గీత మీద, రొమ్ము అంచుల్లో చురుక్కుమనొచ్చు. కాలం గడిచాక కొంత స్పర్శ తిరిగొచ్చినవాళ్లకు నొప్పి ఎక్కువ తెలుస్తుంది. అవసరమైతే మత్తు క్రీమ్ రాస్తారు, లేదా ఇంజెక్షన్ ఇస్తారు. మత్తు మందు పడకపోతే ముందే చెప్పాలి. టాటూ రూపాన్నే ఇస్తుంది, పోయిన స్పర్శను తిరిగి తేదు.

నొప్పి లేకపోతే ఇంకా జాగ్రత్త

మామూలు పుండు చీము పడితే నొప్పే మనల్ని హెచ్చరిస్తుంది. స్పర్శ లేని చోట ఆ కబురు అందదు. కాబట్టి మానేదాకా రోజూ అద్దంలో చూసుకోవాలి. ఎరుపు పాకడం, వాపు, చీము, జ్వరం, వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. ఇంప్లాంట్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయొద్దు. వేడినీళ్ల సంచి, ఇసుక మూటతో కాపడం పెట్టొద్దు. చర్మం కాలినా తెలీదు.

ఎప్పుడు వేయించుకోవాలి?

ఆపరేషన్ గాయాలు పూర్తిగా మానాక, అంటే సాధారణంగా కొన్ని నెలల తర్వాత. రేడియేషన్ తీసుకున్నా, షుగర్ ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా డాక్టర్‌కు చెప్పాలి. రంగు కాలక్రమంలో వెలుస్తుంది, మళ్లీ దిద్దించుకోవాల్సి రావచ్చు.

దీన్ పరంగా సందేహం

పచ్చబొట్టు హరామ్ కదా అన్న ప్రశ్న మన ఇళ్లలో ముందే వస్తుంది. సింగారం కోసం వేయించుకునేదీ, జబ్బు వల్ల పోయినదాన్ని సరిచేసుకునేదీ ఒకటేనా అన్న విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరు. మీరు నమ్మే ఆలిమ్‌కు విషయం వివరంగా చెప్పి అడగండి. గాయానికి తడి తగలకూడని రోజుల్లో వుజూ, గుస్ల్ ఎలా చేయాలో కూడా అప్పుడే అడగండి. టాటూ వద్దనుకుంటే, అతికించుకుని తీసేసే సిలికాన్ చనుమొనలు ఉన్నాయి.

ఎవరిని అడగాలి?

సింగరేణి కుటుంబాలు ఏరియా ఆసుపత్రిలో రెఫరల్ గురించి వాకబు చేయొచ్చు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల చికిత్స పొందినవాళ్లు తమ సర్జన్‌నే అడగడం మేలు. బజారులోని టాటూ షాపుకు వెళ్లొద్దు. సూది కొత్తదేనా, రంగు ఏది, మహిళా సిబ్బంది ఉంటారా అని నిస్సంకోచంగా అడగండి. ఒంట్లో ఎక్కడ స్పర్శ ఉందో, ఎక్కడ లేదో వాళ్లకు ముందే చూపించండి.