తినే బదనిక, తినని బదనిక



కుసుమంచి పేరు వినగానే చాలామందికి కాకతీయుల నాటి గణపేశ్వరాలయం జ్ఞాపకం వస్తుంది. నాకు మాత్రం ఆ పేరులో వినవచ్చే ‘కుసుమం’ అన్న మాట జ్ఞాపకం వస్తుంది. ఈవేళ మీకు మనవి చేయబోయేదీ ఒక పువ్వు కథే. అయితే అది నేలమీద పూచే పువ్వు కాదు, చెట్టుమీద పూచే పువ్వు.

ఒక వేసవిలో ఆ వైపు మామిడితోటకు వెళ్ళాను. తోటగల పెద్దాయన ఒక ముసలి చెట్టు కింద నిలబడి, కాపుమీద ఉన్న కొమ్మను నరికించబోతున్నాడు.

“ఏంది తాతా, కాసే కొమ్మను కొట్టిస్తన్నవ్?” అన్నాను.

“బదనిక పట్టింది బాబూ! ఉంచితే చెట్టునే తింటది” అన్నాడాయన.

తల ఎత్తి చూశాను. కొమ్మను పట్టుకొని పట్టీలవంటి మందపాటి ఆకులు, తాళ్ళలా వేలాడే తెల్లటి వేళ్ళు, మధ్యన ఒక పూలగుత్తి. పసుపు కలిసిన ఆకుపచ్చ రేకులమీద గోధుమరంగు గళ్ళు. నడిమి రేకు ఊదారంగు. మంచి వాసన కూడాను. “ఇది చెట్టును తినే బదనిక కాదు తాతా” అన్నాను. ఆయన నమ్మలేదు. అందుకు ఆయనను తప్పు పట్టవలసిన పని లేదు. ఈ పొరపాటు వయస్సు వెయ్యేళ్ళకు పైమాటే.

అమరకోశం సంగతి విన్నారు గదా. అందులో ‘వందా’ అనే మొక్కకు రెండు పర్యాయపదాలు కనిపిస్తాయి. ఒకటి ‘వృక్షాదని’, అనగా చెట్టును తినేది. రెండవది ‘వృక్షరుహ’, అనగా చెట్టుమీద మొలిచేది. చూడండి, చెట్టుమీద మొలవటం ఒక సంగతి, చెట్టును తినటం మరొక సంగతి. ఆ రెండూ ఒకే మొక్క పేర్లుగా ఉండిపోయాయి. మన తెలుగులోనూ అంతే. చెట్టుమీద ఏది మొలిచినా బదనికే అన్నాము.

ఇక కథ సామర్లకోటకు మారుతుంది. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు దేశపు వైద్యుడు 1781లో కంపెనీ కొలువుమీద అక్కడికి వచ్చాడు. అక్కడ నీలిమందు, మిరియాలు, చెరకు వంటి పైర్లు పెంచి చూశాడు. చుట్టుపట్ల మొక్కలను సేకరించి, మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. మొక్కలకు మనవాళ్ళు చెప్పిన పేర్లను ‘తెలింగ’ పేర్లని రాసుకున్నాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. ఆయన రాసిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథం మొదటి సంపుటం 1795లో లండనులో అచ్చయింది. అందులో మన మామిడికొమ్మ మీది మొక్క బొమ్మ ఉన్నది. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఎపిడెండ్రం టెస్సెల్లాటం’. ఎపిడెండ్రం అంటే చెట్టుమీదిది, టెస్సెల్లాటం అంటే గళ్ళుగళ్ళుగా ఉన్నది. మన ‘వృక్షరుహ’ అన్న మాటకు అది సరిగ్గా జోడు.

తర్వాత 1820లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జాతికి మన ‘వందా’ పేరునే ఖాయం చేశాడు. ఈనాడు ప్రపంచమంతటా దీనిని ‘వాండా టెస్సెల్లేటా’ అంటారు. ఆర్కిడ్ కుటుంబంలో 25,000కు పైగా జాతులు ఉన్నాయి. అందులో ఎంతో పేరు పొందిన ఒక తెగకు మన సంస్కృతపు పేరు నిలిచిపోయిందన్నమాట!

పేరుతోబాటు ఆశ కూడా పెరిగింది. 1850లో జోసెఫ్ హుకర్ ఖాసీ కొండలలో నీలివాండాను చూచి, లండను దగ్గరి క్యూ తోటకోసం ఏడుగురు మోసేటన్ని మొక్కలు తీయించాడు. అందులో ఇంగ్లండు చేరి బ్రతికినవి బహు కొద్ది. అడవిలో ఏళ్ళ తరబడి పెరిగిన మొక్కలు దారిలోనే పోయాయి.

అయితే విత్తనం చల్లి పెంచుకోరాదా అంటారేమో. ఒక కాయలో లక్షలాది విత్తులుంటాయి గాని, అవి దుమ్ముకంటె సన్నం. మొలకకు కావలసిన తిండి వాటిలో లేదు. ఒక రకం బూజు తోడయి తిండి అందిస్తేనే అడవిలో అవి మొలుస్తాయి. ఈ రహస్యం 1899లో ఫ్రాన్సు దేశపు నోయెల్ బెర్నార్డ్ కనిపెట్టాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ ఆ బూజుతో పని లేకుండా, పంచదార కలిపిన ఆహారం మీద గాజు పాత్రలలో విత్తులు మొలిపించాడు. కనుక పువ్వుకోసం అడవిని దోచవలసిన అవసరం తీరిపోయింది.

ప్రదర్శనలకు సయితం అడవి మొక్కే కావాలని లేదు. సింగపూరులో ఆగ్నెస్ జోకిమ్ అనే ఆమె తోటలో పూచిన సంకరజాతి వాండాకు 1899లో అక్కడి పూల ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. 1981లో అదే ఆ దేశపు జాతీయ పుష్పమయింది. మన దేశంలోనూ ఆర్కిడ్ల పరిశోధనకు 1996లో సిక్కింలోని పాక్యాంగ్‌లో జాతీయ కేంద్రం ఏర్పడింది.

ఇప్పుడు రైతుకు కావలసిన అసలు సంగతి: ఏది ఉంచాలి, ఏది నరకాలి?

చెట్టును తినే బదనిక ఆకులు మామూలు చెట్టు ఆకుల్లాగే గుబురుగా ఉంటాయి. పూలు గొట్టాలవలె ఎర్రగానో, నారింజరంగుగానో ఉంటాయి. జిగురు అంటిన విత్తులను పిట్టలు కొమ్మ కొమ్మకూ చేరవేస్తాయి. అది నాటుకున్న చోట కొమ్మ బుడిపె కడుతుంది. దాని వేరు చెక్కలోకి దిగి రసం పీలుస్తుంది. దీనిని పండ్లు పండకముందే, బుడిపెకు దిగువగా కోసివేయాలి. ఆకులు దూసి ఊరుకుంటే మళ్ళీ చిగురిస్తుంది.

వాండా సంగతి వేరు. దాని వేళ్ళు బెరడుమీద పాకుతాయేగాని లోపలికి దిగవు. వేళ్ళమీది తెల్లటి పొర వానను, మంచును పీల్చుకుంటుంది. తన తిండి తన ఆకులలోనే వండుకుంటుంది. చెట్టు దానికి నిలువ నీడే గాని అన్నం కాదు.

కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు అడవిలో నడిచేవారు తల ఎత్తి చూడండి. వాండా కనిపిస్తే ఆ చెట్టునూ, పూచిన నెలనూ రాసిపెట్టుకోండి. పీకకండి. దీని వేళ్ళను కొన్ని ప్రాంతాలలో ‘రాస్న’ పేరుతో మందుకు వాడుతారు. వేరు పోతే మొక్క పోయినట్లే. రిజర్వు అడవిలో మొక్క తీయటం నేరం కూడాను. 1975లో అమలుకు వచ్చిన సైటీస్ ఒడంబడిక ప్రకారం దేశాల మధ్య జరిగే ఆర్కిడ్ల వ్యాపారం మీదా అదుపు ఉన్నది.

మీ తోటలోనే గాలికి కొమ్మ విరిగి మొక్క కిందపడితే మాత్రం తెచ్చుకోండి. మట్టిలో పాతవద్దు, కుళ్ళుతుంది. బొగ్గు, ఇటుక ముక్కలు వేసిన బుట్టలో నిలిపి, ఉదయపు ఎండ తగిలే చోట వేలాడదీసి, నీరు చిలకరించండి. లేదా మరొక చెట్టుకే నారతో కట్టండి.

ఇక మన పెద్దాయన మాట. చివరికి ఆయనే నిచ్చెన వేయించి, చాకుమొనతో ఒక వేరును మెల్లిగా ఎత్తి చూశాడు. కింద బెరడు చెక్కుచెదరలేదు. పక్కచెట్టుకు పట్టిన రెండో రకాన్ని కోయించి, బుడిపె చీల్చి చూశాడు. వేరు చెక్కలోనే ఉంది.

“ఇన్నేండ్లు రెంటినీ ఒక్క గొడ్డలికే ఇచ్చిన గదా” అన్నాడు.

ఆ పూలకొమ్మ నిలిచింది. మీరు కూడా గొడ్డలి ఎత్తేముందు ఒకసారి వేరు చూడండి.