దవడ ఎముకలో లోహపు వేరు

హాలెండు దేశమందలి డెల్ఫ్టు పట్టణమున బట్టల వర్తకుడైన ఆంటొనీ వాన్ లేవెన్‌హుక్, నిత్యము ఉదయమున ఉప్పుతో పండ్లు తోముకొని, భోజనానంతరము వాని సందులు పుల్లతో శుభ్రపరచుకొను అలవాటు గలవాడయ్యును, దంతముల నడుమ చిక్కని తెల్లని పాచి కొంత నిలిచియుండుట గమనించి, దానిని వాననీటిలో కలిపి తన సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, అందు అసంఖ్యాకములైన జీవులు, కొన్ని చేపలవలె దూసికొనిపోవుచు, కొన్ని బొంగరములవలె తిరుగుచు గోచరించెను. ఈ సంగతిని ఆయన 1683 సెప్టెంబరులో లండనునందలి రాయల్ సొసైటీకి లేఖగా వ్రాసెను. బ్రతుకున నెన్నడును నోరు శుభ్రపరచుకొనని ఒక వృద్ధుని పాచినిగూడ ఆయన విడువలేదు. అంతకంటె ముఖ్యమైన ముక్క ఒకటి ఆ పరిశీలనలలోనే కలదు. వెనిగరు తగిలినంతనే చచ్చు ఆ జీవులు, దానితో పుక్కిలించినప్పుడు మాత్రము నోట మిగిలియుండుట చూచి, ఆ ద్రవము పాచి పైపొరను మాత్రమే తాకినదనియు, లోపలివానికి అందలేదనియు ఆయన తర్కించెను. పాచి యనునది క్రిములు తమకై తాము అల్లుకొనిన జిగురుకోట యని శాస్త్రజ్ఞులు రూఢిగా చెప్పుటకు ఇరువదవ శతాబ్దపు చివరి పాదము రావలసివచ్చినది.

నడుమ రెండువందల యేండ్లు ఈ విషయమున పెద్ద సందడి లేదు. బెర్లినులో పనిచేసిన అమెరికను దంతవైద్యుడు విలబీ మిల్లరు 1890లో నోటి సూక్ష్మజీవులపై గ్రంథము ప్రకటించి, అవి చక్కెరను పులియబెట్టి పుట్టించు ఆమ్లమే పంటిని కరగించుచున్నదని నిరూపించెను. ఆయనయే నోరు సర్వరోగములకును నెలవు కాగలదని హెచ్చరింపగా, 1910లో మాంట్రియలునందు విలియం హంటరు చేసిన ప్రసంగముతో ఆ మాట వెర్రితలలు వేసి, కీళ్ళనొప్పికిని ఉన్మాదమునకును గూడ పండ్లూడబెరుకుటయే చికిత్స యను కాలము దాపురించెను. బోసినోళ్ళు మిగిలిన ఆ రోగుల గతి యేమైనదో విచారించినవారు తక్కువ.

కట్టుడు పండ్లకు మారుగా దవడలోనే వేరును నాటు విద్యకు పునాది పడినది మాత్రము దంతవైద్యశాలలో కాదు. స్వీడనునందలి లుండు నగరమున పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952 ప్రాంతమున మజ్జలో రక్తప్రసరణము చూడగోరి కుందేటి కాలియెముకలో టైటానియపు గొట్టమును అమర్చి, పని ముగిసిన పిమ్మట తీయబోగా, ఎముక ఆ లోహమును విడువకుండెను. పిమ్మట కుక్కలపై పరీక్షలు సాగించి, 1965లో గోథెన్‌బర్గునందు ఒక రోగి క్రిందిదవడలో టైటానియపు మరలను నాటెను. అవి ఆ రోగి 2006లో మరణించువరకును పనిచేసెను. 1982లో టొరాంటోనగరమున జరిగిన సమావేశమునుండి ఈ పద్ధతి ఉత్తర అమెరికాలో వ్యాపించెను. ఆనాటి చర్చలెల్ల ఎముకను గూర్చియు, లోహమును గూర్చియునే. ఎముకను తొలుచునప్పుడు 47 డిగ్రీల వేడి ఒక నిమిషము తగిలినచో దానికి హాని కలుగునని కుందేళ్ళలో కనుగొనిరి; మొదటి సంవత్సరము గడచిన పిదప ఎముక ఏటికి 0.2 మిల్లీమీటరుకంటె ఎక్కువ తరుగరాదని 1986లో కొలమానము నిర్ణయించిరి. క్రిములను గూర్చిన ప్రశ్న వెనుకబడెను. ఇది సహజమే, నాటిన మర నిలుచునో లేదో యను భయము తీరినగాని, నిలిచినది ముదిమిలో నేమగునో యను చింత పుట్టదు.

విచిత్రమేమనగా, బ్రోనెమార్క్ తొలి రోగికి చికిత్స చేసిన 1965లోనే, పొరుగున డెన్మార్కునందలి ఆర్హుస్‌లో హారల్డు లోయె తన విద్యార్థులచే పండ్లు తోముట మాన్పించి, మూడు వారములలోపుననే అందరి చిగుళ్ళును వాచుటయు, మరల తోమగానే చక్కబడుటయు చూపెను. ఈ రెండు త్రోవలు కలియుటకు ఇరువది యేండ్లు పట్టినది. 1987లో స్విట్జర్లాండునందు మొంబెల్లి మొదలగువారు, చెడిపోవుచున్న మరల చుట్టునున్న గుంటలలో, ముదిరిన చిగుళ్ళవ్యాధిలో కనబడు మెలికల క్రిములును, ప్రాణవాయువు లేనిచోట పెరుగు బాక్టీరియాయును ఉండుటయు, క్షేమముగానున్న మరలవద్ద అవి అరుదగుటయు కనుగొనిరి.

ఇక పంటికిని మరకును గల తారతమ్యము. సహజమైన పంటివేరు ఎముకకు అతుకుకొనియుండదు. వాని నడుమ నారలపొర యొకటి ఉండి, చిగుటినారలు వేరులోనికి అడ్డముగా గుచ్చుకొనియుండును. మర చుట్టు ఆ పొరయు లేదు, దాని రక్తనాళములును లేవు. నారలు లోహమునకు సమాంతరముగా సాగునేగాని దానిలో నాటుకొనవు. 1990 ప్రాంతమున గోథెన్‌బర్గులో యాన్ లిండె బృందము బీగిల్ జాతి కుక్కల పండ్లకును మరలకును దారములు చుట్టి పాచి పేరుకొననిచ్చి చూడగా, పంటివద్ద వాపునకును ఎముకకును నడుమ ఆరోగ్యకరమైన నారలు గోడగా నిలిచెను. మరవద్ద వాపు తిన్నగా మజ్జవరకు పోయెను. ఎముకను తినునది క్రిమి కాదు సుమా! క్రిమిపై పోరునకు శరీరము పంపు రసాయనసంకేతములే ఎముకను కరగించు స్వీయకణములను మేల్కొలుపును.

అయినను బ్రోనెమార్క్ సహచరుడు టోమస్ అల్బ్రెక్ట్‌సన్, మర పరాయివస్తువైనందున ఎముక తరుగుదలయంతయు అంటురోగము కానేరదని వాదించుచు వచ్చెను. ఆ మాటలో సత్యాంశము లేకపోలేదు. కాని పాచి పేరుకొనినచోట రక్తము కారుచు ఎముక తరుగుచున్నప్పుడు అది చాలిన సమాధానము కాదని నా తలంపు. 2016లో ప్రకటితమైన స్వీడిషు పరిశీలనలో, మరలు నాటిన తొమ్మిదేండ్ల తరువాత 45 శాతముమందిలో వాని చుట్టు వ్యాధిచిహ్నములు కనబడగా, ఎముక రెండు మిల్లీమీటర్లకు మించి తరిగినవారు 14.5 శాతమే; గీటు గీసిన చోటునుబట్టి సంఖ్య మారును. 2017లో చికాగోలో కూడిన ప్రపంచ నిపుణులు మర చుట్టు పుట్టు ఈ వ్యాధిని పాచివలన గలుగునదిగనే నిర్వచించి, మునుపు ముదిరిన చిగుళ్ళవ్యాధి గలవారికిని, పాచి తొలగించుకొననివారికిని, క్రమముగా పరీక్షకు రానివారికిని అపాయ మెక్కువయని తేల్చిరి.

బ్రోనెమార్క్ మరలు ఒకవిధముగా నునుపైనవి. ఎముక త్వరగా పట్టుకొనవలెనని తరువాతివారు వాని ఉపరితలమును గరుకుచేసిరి. ఆ గరుకు ఎముక తరిగి బయటపడినప్పుడు క్రిములకు నెలవై, బ్రష్షునకును పొడిధారకును లేసరునకును పూర్తిగా లొంగకున్నది. అందుచే కొందరు నిర్మాతలు మర మెడను నునుపుగా నుంచి, లోభాగమును మాత్రము గరుకుచేసి అమ్ముచున్నారు.